ఎండుచేపల హార్ట్విగ్ ఎడమ కాలు

ఉత్తరాన, చలి సముద్రపు దీవుల్లో ఉన్న మా స్కార్వ్‌నెస్ ఊళ్ళో మే నెల వచ్చిందంటే పగలు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఎవరికీ పట్టదు. ఎండ ఉన్నట్టే ఉంటుంది, మంచు పొగ కమ్మినట్టూ ఉంటుంది. ఆ పొగలో రేవు నుంచి చర్చి దాకా కొయ్య పందిళ్ళు, వాటి మీద ఫిబ్రవరిలో తోకలు కలిపి కట్టి జతలు జతలుగా వేలాడదీసిన కాడ్ చేపలు. మే నాటికి అవి ఎండి కర్రలైపోతాయి. గాలి తగిలితే ఒకదాన్నొకటి తట్టుకుని టకటకమంటాయి. నేను ఆ చప్పుడు వింటూ పుట్టాను. ఇంటింటికీ తిరిగి పుళ్ళు కడిగి కట్లు కట్టే నర్సు ఉద్యోగం ఇరవై ఆరేళ్ళుగా ఆ చప్పుడు వింటూనే చేస్తున్నాను. చేపలు దించేసిన రోజున ఊరికి నోరు పడిపోయినట్టు ఉంటుంది నాకు.

హార్ట్విగ్‌కి ఆ చప్పుడు మాటల్లా అర్థమయ్యేది. కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఇంకో తొమ్మిది రోజులు" అనేవాడు. తొమ్మిదో రోజునే చేపలు దించేవారు. అతను కళ్ళు మూసుకుని నిలబడితే నిలబడే నిద్రపోతున్నాడేమో అనిపించేది. చిన్నప్పుడు మేం వెనక నుంచి వెళ్ళి కోటు లాగేవాళ్ళం. కళ్ళు తెరవకుండానే మా పేర్లు చెప్పేవాడు. మా ఇళ్ళ వాసన మా మీద ఉంటుందట.

అతని పని చేపల రకం తేల్చడం. జూన్‌లో దించిన చేపలన్నీ గిడ్డంగిలో బల్ల మీదకి వస్తాయి. హార్ట్విగ్ ఒక్కో చేపనీ ఎత్తి వెలుతురుకేసి పట్టేవాడు. బొటనవేలితో వెన్ను పొడుగునా రాసేవాడు. మెడ దగ్గర కోసిన చోట ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చేవాడు. అంతే, చేప గాల్లోకి లేచి వెనకనున్న ఇరవై కుప్పల్లో ఒకదాని మీద పడేది. నలభై మూడు వేసవులు ఆ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఇటలీ నుంచి వచ్చే వర్తకులు అందరి కుప్పలూ కెలికి చూసేవాళ్ళు, హార్ట్విగ్ వేసిన కుప్ప జోలికి మాత్రం పోయేవాళ్ళు కాదు.

ఇంత చేసినా ఒక్క చేపని కూడా బాగుందన్న పాపాన పోలేదు. ఎంత గొప్ప చేపనైనా అటూ ఇటూ తిప్పి, "తప్పేమీ కనబడటం లేదు" అనేవాడు. అతని నోట అంతకు మించిన మెప్పు లేదు. అతని భార్య ఎల్ఫ్రిడా ఒకసారి మా అమ్మతో చెప్పి పగలబడి నవ్వింది. పెళ్ళికి ముందు రేవులో ఆమె చేతులు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, మొహంలోకి తేరిపార చూసి, "తప్పేమీ కనబడటం లేదు" అన్నాడట. తనని పెళ్ళి అడుగుతున్నాడని ఆమెకి మర్నాడు గానీ అర్థం కాలేదట.

ఎల్ఫ్రిడా పోయి రెండు శీతాకాలాలు గడిచాయి. ఆ ఇంట్లో ఆమె ఉన్నన్నాళ్ళూ మెట్ల కింద ఒక చెక్క తొట్టె నిండుగా ఉండేది. కర్రలా ఎండిన చేపని ఆ తొట్టెలో వేసి, రోజూ నీళ్ళు మార్చి, వారం రోజులు నానబెట్టేది. ఏడో రోజుకి ఆ కర్ర మళ్ళీ చేపయ్యేది. తెల్లగా, మెత్తగా, నిన్న గాక మొన్న పట్టుకొచ్చినట్టు. ఆమె పోయాక హార్ట్విగ్ తొట్టె బోర్లించేశాడు. ఎండుచేపని రాతి మీద సుత్తితో కొట్టి, పీచు పీచుగా లాగి, వెన్న రాసుకుని తినేవాడు. కిటికీలో పూల కుండీలు ఎండిపోయాయి. మూలనున్న, గిన్నెలు తుడిచే గుడ్డ ఎండి అట్టలా నిలబడింది. పలకరిద్దామని వెళితే మాటలు కూడా అలాగే ఉండేవి. ఆ ఇంట్లో తడి అన్నదే లేకుండా పోయింది.

ఆ ఏడాది మార్చిలో అతని ఎడమ బూటులో ఒక చేపముల్లు పడింది. హార్ట్విగ్‌కి షుగర్. పాదాల్లో స్పర్శ పోయి చాలాకాలమైంది. బల్ల మీద చేపలో వెంట్రుకంత చీలికని బొటనవేలితో పసిగట్టేవాడు, తన బూటులో వేలెడంత ముల్లు పెట్టుకుని మూడు రోజులు తిరిగాడు. మేజోడు రక్తంతో గట్టిపడి బూటుకి అంటుకుపోయాక గానీ చూసుకోలేదు. నాకు కబురు వచ్చేసరికి ఏప్రిల్. చిటికెన వేలి కింద, పాదం అంచున, కోడిగుడ్డంత పుండు.

మే మొదటి వారంలో పడవ మీద పట్టణం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ బ్రూన్ అని ఒక సర్జన్ ఉంది. నా కంటే చిన్నది, మాట మాత్రం కత్తిలా సూటిగా ఉంటుంది.

"ఐదు వారాలు చూద్దాం. జూన్ పన్నెండున మళ్ళీ రండి. పుండు అప్పటికి సగానికి సగం తగ్గకపోతే మోకాలి కింద తీసేయాలి. ఆలస్యం చేస్తే మోకాలి పైన," అంది.

హార్ట్విగ్ తన టోపీకేసి చూస్తూ కూర్చున్నాడు. "జూన్‌లో నాకు పనుంది డాక్టరమ్మా," అన్నాడు.

"ఏం పని?"

"నిలబడే పని."

తిరుగు పడవలో రెయిలింగ్ పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ, "ఒంటి కాలి మీద బల్ల ముందు నిలబడటం కుదరదు టోర్డిస్. కూర్చుని తేలిస్తే చేప బరువు నడుముకి తెలీదు. ఆ బల్ల లేకపోతే నాకింకేముంది, ఆ ఖాళీ ఇల్లు తప్ప," అన్నాడు. కొంగల గుంపు ఏదో పోతుంటే దాన్ని చూపించి మాట మార్చాను.

ఆసుపత్రిలో మాకు ఒక డబ్బా ఇచ్చారు. అందులో జెల్ రేకులు. అరచేతంత వెడల్పు, రెండు నాణేల మందం, అవతలి వైపు కనబడేంత తేట. చేతిలోకి తీసుకుంటే చల్లగా వణుకుతుంది. అందులో తొంభై పాళ్ళు నీళ్ళే. ఆ నీళ్ళని పట్టి ఉంచేది సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు. కంటికి కనబడని వెండి కొంచెం అందులో కలిసి ఉంటుంది, అది పుండులోని క్రిముల్ని చంపుతుంది. నీళ్ళు పుండుని మెత్తగా, తడిగా ఉంచుతాయి. తడి ఉంటేనే కొత్త కండ అంచుల నుంచి లోపలికి పాకుతుంది. సోమవారం ఒకటి, గురువారం ఒకటి మార్చాలి. మొదటి రేకు వేస్తుంటే హార్ట్విగ్ ముక్కు చిట్లించాడు.

"జెల్లీచేపని తెచ్చి కాలికి అంటిస్తున్నావేంటే?"

"జెల్లీచేప కాదు బాబాయ్, మందు."

"వలలో పడితే పార పెట్టి సముద్రంలోకి తోసేస్తాం ఇలాంటిదాన్ని. నువ్వు నర్సువి కాబట్టి ఊరుకుంటున్నా."

ఊరుకోలేదు. ఆ సంగతి నాకు రెండు వారాల దాకా తెలీలేదు. ప్రతి సోమవారం, ప్రతి గురువారం వెళ్ళేదాన్ని. కట్టు నేను కట్టినట్టే ఉండేది. విప్పి చూస్తే పుండు మాత్రం ఎండి, అంచులు తోలులా బిగుసుకుని, ముదురు గోధుమరంగులో ఉండేది. తొంభై పాళ్ళు నీళ్ళున్న రేకు కింద పుండు ఎలా ఎండుతుంది? నా చేతి పనిలోనే లోపముందేమోనని దిగులు పట్టుకుంది. కొలిచాను. ఒక్క వెంట్రుకంత కూడా తగ్గలేదు. జూన్ పన్నెండుకి మూడు వారాలే ఉంది.

ఒక బుధవారం మధ్యాహ్నం వేరే ఇంటికి పోతూ అతని ఇంటి ముందు నుంచి కారు నడుపుతున్నాను. పొగమంచు పలచగా ఉంది. అందులోంచి ఒక పాదం కనిపించింది. కిటికీలోంచి బయటికి చాచి ఉంది, గోధుమరంగు పుండుతో సహా, సరిగ్గా ఉత్తరపు గాలికి ఎదురుగా. కాసేపు అది కలో నిజమో తెలీలేదు. పెరట్లో బట్టల తీగ మీద రెండు మేజోళ్ళ మధ్య, క్లిప్పు పెట్టిన జెల్ రేకు వేలాడుతోంది. ఎండలో తళతళ మెరుస్తూ, చేపలతో పాటు ఊగుతూ.

కారు ఎలా ఆపానో నాకు గుర్తులేదు. తలుపు తట్టకుండా లోపలికి పోయాను.

"బాబాయ్! ఏంటీ పని?"

హార్ట్విగ్ కుర్చీలో వెనక్కి వాలి, కాలు కిటికీలో పెట్టి, హాయిగా కాఫీ తాగుతున్నాడు. తొట్రుపడలేదు. "గాలికి పెట్టానే. నువ్వొచ్చే పొద్దున నీళ్ళలో ముంచి మళ్ళీ అంటించేస్తున్నా. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని."

"రెండు వారాల నుంచీనా?"

"మొదటిది వేసిన మర్నాటి నుంచీ."

"నీకు మతి పోయిందా! కాలు తీసేస్తారయ్యా! అక్కడ ఆ డాక్టరమ్మ చెప్పింది వినలేదూ?"

"అరవకే. ఇలా రా, వాసన చూడు," అన్నాడు పాదం నాకేసి తిప్పి. "ఏమన్నా ఉందా? లేదు. నీ జెల్లీచేప పెట్టిన మర్నాడు దాని కింద చూడాల్సింది, పసుపుపచ్చ నీరు, పులుపు కంపు. తడి అంటే కుళ్ళే. ఎండితేనే నిలుస్తది. నలభై మూడేళ్ళు తిన్నదీ కట్టుకున్నదీ ఆ ఒక్క ముక్క మీదే. ఆసుపత్రోళ్ళు చెప్పారని ఇయ్యాళ మార్చుకోమంటావా?"

అది పుండు తనలోని చచ్చిన కండని కరిగించి వదిలే నీరని, జెల్ చేయాల్సిన పని అదేనని నేను చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి అరిచి చెప్పాను. అతను కాఫీ తాగాడు. అతని మీద నాకు పిచ్చికోపం వచ్చింది, కానీ ఏం చేయను? నిజంగా మూర్ఖుడైతే పోట్లాడొచ్చు. ఈ దీవుల్లో అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు, తెలిసినదాన్నే పట్టుకుని కాలు పోగొట్టుకోబోతున్నాడు.

మొహం మీద నీళ్ళు చల్లుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. మెట్ల కింద బోర్లించిన తొట్టె కనబడింది. దాని మీద బంగాళాదుంపల సంచి. ఎందుకో అక్కడే కూలబడ్డాను. ఎల్ఫ్రిడా ఆ తొట్టె మీద వంగి, చేతులు మోచేతుల దాకా చన్నీళ్ళలో ముంచి, నానుతున్న చేపని పక్క మార్చడం నా కళ్ళ ముందు కదిలింది. సంచి దించి, తొట్టె ఎత్తి, ముందుగదిలోకి తెచ్చి అతని ముందు పెట్టాను. చెక్కలు ఎండి సందులు పడ్డాయి.

"దాన్నెందుకు తెచ్చావ్?" అన్నాడు. గొంతు మారింది.

"ఒక్కటి చెప్పు బాబాయ్. పందిరి మీద వేలాడుతున్న చేప బతికుందా, చచ్చిందా?"

"ఏం ప్రశ్నే ఇది?"

"చెప్పు."

"తల తీసేసిన చేప బతికెలా ఉంటది?"

"చచ్చినదాన్నే కదా ఎండబెట్టేది. ఎండితే నిలుస్తుంది, నిజమే. పదేళ్ళయినా నిలుస్తుంది. కానీ ఎదుగుతుందా? ఒక్క చేపకన్నా పందిరి మీద కొత్త కండ పుట్టిందా? నీ కాలుని నిలవ పెట్టుకుంటావా, బతికించుకుంటావా? అదింకా చావలేదు బాబాయ్. నువ్వే దాన్ని పందిరెక్కించావ్."

గాలికి చేపల చప్పుడు వినిపిస్తోంది. హార్ట్విగ్ తొట్టెకేసే చూస్తున్నాడు. నేను అన్నది కాలు గురించే, అతను విన్నది అంతకంటే ఎక్కువ. ఎల్ఫ్రిడా పోయిన నాటి నుంచి తనే పందిరి మీద ఉన్నాడని అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

కిటికీలోంచి కాలు లోపలికి తీసుకున్నాడు. "ఆ తీగ మీదున్నది పనికొస్తదా?"

"ఆ ఎండిపోయిన ముక్కా? కొత్తది వేస్తాను."

"పాడుచేశానన్నమాట." తలొంచుకున్నాడు. "వెయ్యి."

ఆ రోజు నుంచి మళ్ళీ తియ్యలేదు. తోలులాంటి అంచులు మూడో రోజుకి మెత్తబడ్డాయి. గోధుమరంగు పొర జెల్‌తో పాటే ఊడి వచ్చింది. దాని కింద ఎర్రటి తడి కండ, వేలు తగిలితే చుక్క రక్తం వచ్చేంత బతికి ఉంది. నాకు పట్టలేనంత సంతోషమేసింది. హార్ట్విగ్ దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు, అతనికింకా భయమే. తడిని చూస్తే నలభై మూడేళ్ళ అలవాటు అతని ఒళ్ళు జలదరింపజేసేది. అయినా ఓర్చుకున్నాడు. తొట్టెలో నీళ్ళు పోసి చెక్కలు ఉబ్బడానికి వదిలాడు.

ఆ రోజుల్లోనే అతనికి ఒకే కల వచ్చేదట. కాఫీ పోస్తూ చెప్పేవాడు. పందిళ్ళ మీద వాన కురుస్తుందట, వెచ్చటి వాన, మా దీవుల్లో ఎప్పుడూ చూడనిది. తోకలు కట్టిన చేపలు ఒక్కొక్కటే ఉబ్బి, కట్లు సడలి, కిందికి జారి, గడ్డి మీద ఈదుకుంటూ రేవుకేసి పోతాయట. తలలు లేకుండానే. వాటి వెనక ఎల్ఫ్రిడా తడి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ నడిచి పోతుందట. "నేను గుమ్మంలో నిలబడి ఒక్కదాన్నీ ఆపను టోర్డిస్. ఎన్ని పోయాయో కూడా చూడను. ఏడాది పంటంతా పోతున్నా నాకు హాయిగా ఉంటది," అనేవాడు. ఆ కల చెప్పేటప్పుడు అతని మాట కూడా నానినట్టు మెత్తగా ఉండేది.

పుండు మూసుకోసాగింది. మొదటి వారం కొంచెం, రెండో వారం ఎక్కువ. జూన్ ఐదున కట్టు విప్పితే, కోడిగుడ్డంత పుండు బఠాణీ గింజంతయింది. చుట్టూ పలచటి గులాబీరంగు చర్మం. తేదీకి వారం ముందే. నేను అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. బ్రూన్ కూడా సంతోషించింది. ఫోన్ పెట్టేసి చూస్తే హార్ట్విగ్ తన పాదాన్ని రెండు చేతులతో మొహం దాకా ఎత్తుకుని ఉన్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, పసిపిల్లాడిలా. కళ్ళు మూసుకుని పీలుస్తున్నాడు.

"ఇది బాలేదు," అన్నాడు.

"ఏంటి బాలేనిది? చూడు ఎంత చక్కగా మూసుకుందో!"

"పైన మూసుకుంది. లోపల పులిసింది."

నేను వంగి వాసన చూశాను. సబ్బు వాసన, వెండి జెల్‌కుండే లోహపు వాసన. ఇంకేమీ లేదు. ఎరుపు లేదు, వాపు లేదు, జ్వరం లేదు. "నాకేమీ తెలీడం లేదు బాబాయ్. మళ్ళీ మొదలెట్టావా? తడి చూస్తే నీకు భయం, అంతే."

"భయం కాదే పిల్లా, విను. వెచ్చటి గాలి తోలితే ఒక్కోసారి చేప పైన తొందరగా గట్టిపడిపోద్ది. చూడటానికి మొదటి రకం. వెన్ను పక్కన లోపల మాత్రం పచ్చిగా ఉండి పులిసిపోద్ది. ఇటలీ వాడు కొనుక్కుపోయి కోసి చూసి నన్ను తిడతాడు. అలాంటివి వేలు చూశాను. ఇది అదే." బొటనవేలితో చిటికెన వేలి మొదట్లో రాశాడు. "ఇక్కడ. ఎముక పక్కన. కాలు నీ చేతిలో పెట్టినప్పుడు నీ మాట విన్నాను. ముక్కు సంగతి నా మాట విను."

అతని మాటలో ఎక్కడా బెదురు లేదు. బల్ల దగ్గర నిలబడినప్పటి గొంతు అది. అయినా నేను వెంటనే కదల్లేదు, ఒప్పుకుంటున్నాను. ఆ గులాబీరంగు చర్మాన్ని మళ్ళీ చీల్చడానికి నాకు మనసొప్పలేదు. రెండు వారాల నా కష్టం అది. తేదీ లోపు మానాలి, మానింది, అంతే చూడాలనుకున్నాను. చివరికి సంచిలోంచి సన్నటి ఉక్కు పుల్ల తీసి, బఠాణీ గింజంత పుండులోకి మెల్లగా పంపాను. ఆగలేదు. చర్మం కింద నుంచి పక్కకి, చిటికెన వేలి ఎముక దాకా, సగం వేలు లోతుకి పోయింది. బయటికి తీస్తే దాని వెంట చిక్కటి చీము. అప్పుడు గానీ ఆ పులుపు నా ముక్కుకి తెలీలేదు.

"ఆఁ," అన్నాడు హార్ట్విగ్ నెమ్మదిగా. "వచ్చింది."

"నన్ను క్షమించు బాబాయ్," అన్నాను. కళ్ళు మసకబారాయి. పైనున్న పుండుకి పెట్టిన జెల్ పైనే పనిచేసింది, అంత లోతుకి దాని వెండి చేరలేదు. నేను పైపైన మూసుకున్నది చూసి మురిసిపోయాను.

"నా రెండు వారాలకి నీ ఒక్క పూట చెల్లు," అన్నాడు. "పడవ ఎన్నింటికి?"

మధ్యాహ్నం పడవకే వెళ్ళాం. బ్రూన్ అదే రోజు పాదం కోసి తెరిచింది. చిటికెన వేలు, దాని ఎముక తీసేసి, ఆ సందంతా శుభ్రం చేసింది. బయటికి వచ్చి మాస్కు లాగి, "ఇది ఎవరు పట్టారు? వాపు కూడా లేదు కదా. ఇంకో వారం ఆగి ఉంటే ఎముకల వెంటే పైకి పాకేది. అప్పుడు మోకాలి గురించి మాట్లాడాల్సి వచ్చేది," అంది.

"వాసన చూసి చెప్పాడు," అన్నాను.

"ఎవరు?"

"ఆయనే. చేపల రకం తేలుస్తాడు."

బ్రూన్ లోపలికి వెళ్ళి, మత్తు దిగని అతని చేతిని కాసేపు పట్టుకుని నిలబడింది.

జూన్ పన్నెండు మామూలు రోజులా వచ్చి పోయింది. కాలు ఉంది. ఈసారి జెల్‌ని పైన పరచలేదు, మెత్తటి ముద్దలా ఉన్నదాన్ని ఆ సందు అడుగు దాకా కూరి, అడుగు నుంచి పైకి మానేటట్టు చూశాను. మార్చిన ప్రతిసారీ మొదట అతను వాసన చూసేవాడు, తర్వాతే నేను చూసేదాన్ని. అతను తలూపితేనే కట్టు కట్టేదాన్ని. గిడ్డంగిలో పని మొదలైంది. రెండు వారాలు ఎత్తు స్టూలు మీద కూర్చుని, నడుముకి బరువు తెలీడం లేదని అందరినీ విసిగించాడు. జూలై నడిమికి లేచి నిలబడ్డాడు.

ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం రమ్మని కబురు చేశాడు. ఏమయిందోనని పరుగున వెళ్ళాను. ఇల్లంతా ఆవిరి. కిటికీ అద్దాలు చెమర్చి ఉన్నాయి. మెట్ల కింద తొట్టె నిండా నీళ్ళు. బల్ల మీద రెండు పళ్ళేలు, ఉడికిన బంగాళాదుంపలు, కరిగిన వెన్న, వాటి మధ్య తెల్లగా, పొరలు పొరలుగా విడిపోతున్న చేప. ఏడు రోజులు నానబెట్టిన చేప. రోజూ నీళ్ళు మార్చాడట.

"తినేముందు ఇది చూడు," అని కుర్చీ లాక్కుని మేజోడు తీశాడు. కట్టు నేను సోమవారమే తీసేశాను. నాలుగు వేళ్ళ పాదం. పక్కన పలచటి తెల్ల మచ్చ. నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు. తనే పాదాన్ని ఎత్తి వెలుతురుకేసి పట్టాడు. బొటనవేలితో మచ్చ పొడుగునా రాశాడు. ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, బల్ల దగ్గర కంటే చాలా ఎక్కువసేపు పీల్చాడు.

"తప్పేమీ కనబడటం లేదు," అన్నాడు.

అనగానే తన మాట తనకే వినబడింది కాబోలు, కళ్ళు పొయ్యి పక్కన మేకుకి వేలాడుతున్న ఎల్ఫ్రిడా ఏప్రాన్ మీదకి పోయాయి. పాదాన్ని అలాగే రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చాడు. రెండేళ్ళలో అతను ఏడవగా నేను చూడలేదు, ఆమెని పాతిపెట్టిన రోజున కూడా. ఊరుకోమని అనలేదు నేను. ఏమన్నా అనకపోతే నేనూ ఏడ్చేస్తానని భయమేసి, "వేలు లేదు కదా బాబాయ్, అది తప్పు కాదూ?" అన్నాను.

మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "వేలు లేకపోతే రకం తగ్గుద్ది. తప్పు వేరే, తక్కువ వేరే. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో పుట్టి పెరిగి అదన్నా తెలీదంటే ఎలాగే?" అని పళ్ళెం నా ముందుకి జరిపాడు. "తిను, చల్లారిపోద్ది."